డోరతమ్మ ఎలక్షన్

ఆగస్టు ఆఖరి వారంలో ఒకనాడు రబియా నకిరేకల్ పోస్టాఫీసుకు తీసుకుపోయిన పార్సిళ్లన్నీ మళ్లీ వెనక్కి పట్టుకొచ్చింది. అవి నాలుగు బొంతలు. తెల్ల గుడ్డలో చుట్టి, మూలలు కుట్టి, పైన అమెరికా చిరునామా రాసినవి. కట్టంగూర్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం వెనక ఉన్న రేకుల షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లు దబ్బనాలు ఆపి ఆమె వంక చూశారు.

"తీసుకుంటలేరు," అంది రబియా మూట దించుతూ. "అమెరికాకు పార్సిళ్లు బంద్ పెట్టిన్రంట. మళ్ల ఎప్పుడు మొదలువెడ్తరో వాళ్లకే తెల్వదంట."

రబియాకు నలభై ఏళ్లు. ఆరేళ్ల కిందట ఈ పని మొదలుపెట్టింది. ఊళ్లు తిరిగి పాత నూలు చీరెలు కొనడం, ఉతికి ఆరేసి పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టించడం. ప్రతి బొంత మూలకు, కుట్టిన మనిషి పేరుతో ఒక చిన్న గుడ్డముక్క ఉంటుంది. ఫోన్లో పెట్టిన ఫొటోలు చూసి మొదట హైదరాబాద్ వాళ్లు కొన్నారు. ఆ తర్వాత ఎక్కడో వర్జీనియా రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న చిన్న ఊరి నుంచి డోరతీ అనే ఆమె ఒకటి తెప్పించుకుంది. ఆమెకు అక్కడ బొంతల దుకాణమే ఉంది. బొంత చేరిన వారానికి ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: "ఈ నిర్మలమ్మ ఎవరు? ఇంత సన్నని కుట్టు మా నాయనమ్మ పోయినంక మళ్లీ ఎవరి చేతిలోనూ చూడలేదు."

ఆ షెడ్డులో అందరికన్నా పెద్దామె నిర్మలమ్మ. అరవై రెండేళ్లు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారినా కుట్టు తప్పని మనిషి. ఆ ఉత్తరం వచ్చిన రోజు అందరూ డోరతీని "దొరసాని" అనబోతే ఆమెనే అడ్డం పడింది. "దొరలు పోయి ఎన్నేండ్లాయె, మళ్ల దొరసాని ఎందుకే మనకు? మనలెక్క కుట్టుకొని బతికే ఆడిది. డోరతమ్మ అనుండ్రి." అప్పటి నుంచి ఆమె డోరతమ్మే.

ఆ ఉత్తరాలు చదివేది, ప్రతి ఆదివారం సాయంత్రం వీడియో కాల్లో అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది రఘుపతి సారు. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాడు. రబియాకు పదో తరగతిలో చెప్పింది ఆయనే. కొందరికి క్రికెట్ ఎంతో ఆయనకు అమెరికా ఎలక్షన్లు అంత. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో నోటికి చెబుతాడు. మనిషి మాత్రం జీవితంలో తిరుపతి దాటి పోలేదు.

పార్సిళ్లు వెనక్కి వచ్చిన రోజు ఆయన్ని పిలిపించారు.

"పన్ను సంగతిది," అన్నాడు సారు కుర్చీలో కూర్చొని, పాఠం మొదలుపెట్టినట్టే. "మన దేశం నుంచి పొయ్యే సరుకు మీద వందకు యాభై పన్ను ఏసిన్రు. చిన్న చిన్న పార్సిళ్లకు ఇన్నేండ్లు మాఫీ ఉండె, అదీ తీసేసిన్రు. ఆ పన్ను ఎట్ల వసూలు చెయ్యాలెనో తేలక పోస్టోళ్లు ఆపిన్రు."

"కట్టేది ఎవరు సారూ? మనమా?" అంది నిర్మలమ్మ.

"కాదు. అక్కడ తెప్పిచ్చుకునేటోళ్లు."

"వాళ్ల సర్కారు వాళ్ల మీదనే ఏసుకున్నదా? మరి మనకేంది?"

"ధర పిరమైతే కొనరు గదమ్మా. గంతే."

"ఎందుకేసిన్రట?" అని అడిగింది గ్లోరీ. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. ఎదురుగా ఎవరున్నా నోరు జంకదు.

"సగం వాళ్ల ఫ్యాక్టరీల కోసమంట. సగం మనం రష్యా కాడ నూనె కొంటున్నమని."

"నేను కిరాణం కాడ పల్లినూనె కొంటున్న సారూ, రష్యాది ఎన్నడన్న కొన్ననా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నారు. నెలకు ఇరవై, ముప్పై బొంతలు పోయేవి డోరతమ్మ దుకాణం ఒక్కదానికే.

ఆ ఆదివారం డోరతమ్మ ఫోన్లో కనిపించింది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెడలో కొలత టేపు. ఆమె మాట కూడా అదే. ఈ పన్ను కట్టి తెప్పిస్తే తన దుకాణంలో బొంత కొనే మనిషి ఉండడు. ఏ సంగతీ తేలేదాకా కొత్తవి వద్దు. ఇది చెప్పేటప్పుడు ఆమె తెరలోకి చూడలేదు. తర్వాత గొంతు సవరించుకొని ఇంకో మాట చెప్పింది. తమ ఊరి కౌన్సిల్‌కు నవంబరు నాలుగున ఎన్నికలట. మూడు సీట్లకు ఐదుగురు నిలబడ్డారట. ఐదోది తనేనట.

రఘుపతి సారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. "ఎలక్షన్‌ల నిలబడ్డదంట! పెద్ద ఎలక్షన్ నిరుడే అయిపాయె. వాళ్ల పార్లమెంటుకు నడుమల జరిగే ఎలక్షన్లు వచ్చే ఏడు. ఈ ఏడు ఎవ్వలూ పట్టిచ్చుకోని ఏడు. కానీ వర్జీనియా వాళ్లు గవర్నర్ను ఎన్నుకునేది గీ ఏడే. దానితోనే ఊరిదీ జరుగుతది."

"ఎందుకు నిలబడ్డవో అడుగుండ్రి," అంది నిర్మలమ్మ.

డోరతమ్మ చెప్పింది. తమ బజారులో పదిహేను దుకాణాలుంటే ఆరు మూతపడ్డాయి. పెద్ద సర్కారుతో తను కొట్లాడలేదు. కనీసం తమ ఊళ్లో దుకాణాల మీది పన్ను, నీళ్ల బిల్లు తగ్గించమని అడగడానికైనా లోపల ఒకరు ఉండాలి కదా.

అంతా విన్న నిర్మలమ్మ మెల్లగా అడిగింది. "సారూ, ఇంకొక్కటి అడుగుండ్రి. గీ పన్ను ఏసినాయినకు నిరుడు ఆమె ఓటేసిందా?"

సారు మొహంలో రంగు మారింది. ఫోన్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. డోరతమ్మ మోకాలు చూపించి ఏదో చెప్పింది. "ఆమె మోకాళ్ల నొప్పి జర తగ్గిందంట," అన్నాడు సారు.

రబియా పకపకా నవ్వింది. "సార్! మీరు ఆరోగ్యం ఎట్లున్నదని అడిగిన్రు. నాకు గంత ఇంగ్లీషు రాదనుకున్నరా?"

"ఎవ్వలకు ఓటేసినవని అడుగుడు మర్యాద కాదు రబియా. రహస్య ఓటు..."

"మా కడుపు మీదికి వచ్చినంక రహస్యమేంది?" అంది గ్లోరీ.

రబియానే ఫోన్ చేతిలోకి తీసుకుంది. తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అడిగింది. డోరతమ్మకు అర్థమైంది. కొలత టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత అవునని తలూపింది.

ఆ తర్వాత ఆమె చెప్పింది సారు ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాడు. కోడిగుడ్ల ధర, పెట్రోలు, దుకాణం కిరాయి, అన్నీ అంతకుముందు నాలుగేళ్లలో పెరుగుతూనే పోయాయి. పాతవాళ్లను మారిస్తే బాగుపడతామనుకుంది. ఇప్పటికీ ఆయన చేసే వాటిలో కొన్ని నచ్చుతాయి, కొన్ని నచ్చవు. ఈ పన్ను తన దుకాణం మీదికి, తన దుకాణం నుంచి నిర్మలమ్మ చేతుల మీదికి వస్తుందని మాత్రం ఓటేసిన రోజు తనకు తట్టలేదు. "మీకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు," అని ఫోన్ పెట్టేసింది.

షెడ్డులో గ్లోరీ గొంతు ఒక్కటే వినిపించింది. "ఇగ ఆమెతోని ఏం ముచ్చట? మన నోటికాడి బుక్క తీసిన ఓటు ఆమెదే. గెలిస్తే గెలుస్తది, ఓడితే ఓడుతది, మనకేంది!"

అందరూ మళ్లీ దబ్బనాలు పట్టుకున్నారు. నిర్మలమ్మ కూడా.

రెండు రోజులు ఆమె తలవంచుకొని కుట్టుకుంటూనే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం, అందరూ సద్దులు విప్పుకొని తినేటప్పుడు, ఆమె గ్లోరీ పక్కకు పోయి కూర్చుంది.

"గ్లోరీ, ఒక సంగతి చెప్తా, కోపానికి రాకు. పోయినసారి వార్డు మెంబరుకు మా అన్న కొడుకు పరశురాములు నిలబడితే, ఇల్లిల్లు తిరిగి ఓట్లేపిచ్చింది ఎవలు?"

"నువ్వే అత్తా."

"గెలిచినంక వాడు ఏం జేసిండు? మన వాడకట్టు మూలమలుపుల బెల్టుషాపు పెట్టిచ్చిండు. పొద్దుగాల ఆరింటికే తలుపు తీస్తరు. నీ మొగడు తాగుడు నేర్చింది ఆడనే."

గ్లోరీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"నా ఓటుతోని నీ ఇల్లు ఆగమైంది బిడ్డా. ఆరేండ్ల సంది నువ్వు నా పక్కకే కూసొని కుడుతున్నవు. నాతోని ఎన్నడన్న మాట్లాడుడు బంద్ జేసినవా?"

గ్లోరీకి కళ్లు నిండాయి. ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టి, "నువ్వు కావాల్నని చెయ్యలే గదా అత్తా," అంది.

"ఆమె కూడ చెయ్యలే."

అంతటితో ఆ మాట తెగిపోయింది. సాయంత్రం గ్లోరీనే పాత చీరెల మూట విప్పి ఒక ఆకుపచ్చది, ఒక పసుపుది తీసి పక్కన పెట్టింది. "డోరతమ్మ కోసం ఒకటి కుడ్దాం. దుకాణం ముంగట కట్టుకుంటది, పేరు కుట్టి ఇద్దాం. ప్రచారానికి పనికొస్తది."

ఆ మాట వినగానే రఘుపతి సారు అదిరిపడ్డాడు. "అట్ల చెయ్యొద్దు! వాళ్ల చట్టం ఒప్పుకోదు. ఎలక్షన్‌ల నిలబడ్డోళ్లకు విదేశీయులు పైస గానీ వస్తువు గానీ ఇయ్యొద్దు. నేరం."

"విదేశీయులెవ్వరు?" అంది నిర్మలమ్మ.

"మనమే."

నిర్మలమ్మ తన మట్టెల కాళ్ల వైపు, చేతిలో దబ్బనం వైపు చూసుకొని పడీపడీ నవ్వింది. నకిరేకల్ సంతకు పోతేనే దూరం పోయినట్టుండే మనిషి. "నన్ను విదేశీయురాలిని జేసిన్రా సారూ! మా ఆయనకు చెప్తే ఎంత సంబురపడ్తడో!"

చివరికి ఒప్పందం ఇది: బొంత కుట్టాలి, కానీ ఓట్లు లెక్కపెట్టేదాకా పంపొద్దు. గెలిచినా పంపాలి, ఓడినా పంపాలి. దాని మీద పేరు గానీ ఓటు మాట గానీ ఉండొద్దు.

పదకొండు మందీ తలో గజం చొప్పున కుట్టారు. ఈలోగా పని తగ్గిపోయింది. వారానికి ఆరు రోజులు నడిచే షెడ్డు మూడు రోజులకు దిగింది. ఇద్దరు పత్తి ఏరడానికి పోయారు. రబియా ఊరికే కూర్చోలేదు. మహబూబ్‌నగర్‌లో ఉన్న చెల్లెలు నాజియాను పట్టుకొని, దసరా ముందు అక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో బల్ల పెట్టింది. మొదటి రెండు రోజులు ఒక్కటీ అమ్ముడుపోలేదు. మూడో రోజు ఒక ముసలామె వచ్చి బొంతను తడిమి, "ముంబైల బిల్డింగుల కాడ మట్టిపనికి పోయినప్పుడు గిదే కప్పుకొని పండేది బిడ్డా. దీన్ని గిట్ల బల్ల మీద పెట్టి అమ్ముతరని నాకేం తెల్సు," అని గట్టిగా అంది. ఆ మాట విని చుట్టూ జనం చేరారు. ఆ రోజు ఎనిమిది పోయాయి, మర్నాడు పదకొండు. డోరతమ్మ ధర రాలేదు గానీ చేతులు ఖాళీగా లేవు.

ఆదివారం ఫోన్లు మాత్రం ఆగలేదు. డోరతమ్మ తన ఊళ్లో తలుపులు తడుతూ తిరుగుతోంది. ఇంటి ముందు గడ్డిలో పాతే పేరు అట్టలు చూపించేది. "గోడల మీద రాయరా?" అని నిర్మలమ్మకు ఆశ్చర్యం. "మందు పంచరా?" అని గ్లోరీకి అనుమానం. పంచరని తెలిసి, "మరి ఓట్లెట్ల పడ్తయి?" అంది. అది సారు ఇంగ్లీషులో చెబితే డోరతమ్మ నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అక్టోబరు నడుమ పోస్టాఫీసు మళ్లీ అమెరికా పార్సిళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది, పన్ను ఇక్కడే ముందు కట్టించుకొని. ఆకుపచ్చ, పసుపు బొంత అప్పటికి సిద్ధంగా ఉంది. మడిచి బీరువాలో పెట్టారు.

అక్కడ ఓట్లు పడ్డ మర్నాడు ఇక్కడ కార్తీక పున్నమి. నిర్మలమ్మ ఉపవాసం. పొద్దున్నే స్నానం చేసి, తులసి ముందు దీపం పెట్టి నేరుగా షెడ్డుకు వచ్చేసింది. అప్పటికే రఘుపతి సారు ఫోన్ ముందు పెట్టుకొని, చిత్తు కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. గవర్నర్ ఎవరో తేలిపోయింది. దాని మీద ఆయన అరగంట మాట్లాడేవాడే గానీ వినేవాళ్లు లేరు.

"అది ఉంచుండ్రి సారూ. మన డోరతమ్మది?"

ఎనిమిది కావస్తుండగా ఆ ఊరి అంకెలు వచ్చాయి. సారు రెండుసార్లు చూశాడు. కళ్లద్దాలు తీసి మూడోసారి చూశాడు.

"నాలుగో జాగ," అన్నాడు. "మూడు సీట్లే. తొమ్మిది ఓట్లతోని పోయింది."

"తొమ్మిదా!" నిర్మలమ్మ తల పట్టుకుంది. "తొమ్మిది వందలు గాదు, తొమ్మిది? అయ్యో, రెండిండ్లకు పొయ్యి బొట్టు పెట్టి అడిగితే అయిపోవు గదా!"

రబియా బీరువా తీసి బొంతను తెల్లగుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అనకముందే గ్లోరీ పోయి మూలలు పట్టుకుంది.

ఆ ఆదివారం డోరతమ్మ ఫోన్ ఎత్తేసరికి ఆమె ముక్కు ఎర్రగా ఉంది. జలుబు అని చెప్పింది. నిర్మలమ్మ నమ్మలేదు. "సారూ, చెప్పుండ్రి ఆమెకు. నవ్వుతందుకు వంద మంది ఉంటరు, నిలబడెతందుకు ఒక్కలు గూడ ఉండరు. నువ్వు నిలబడ్డవు. రెండేండ్లకు మళ్ల ఉంటది గదా, మళ్ల నిలబడు. ఇప్పుడు ఆ ఆకిట్ల పాతిన అట్టలు పారెయ్యకు, పైలంగ దాచిపెట్టు, మళ్ల పనికొస్తయి."

డోరతమ్మ విని, కళ్లు తుడుచుకొని, ఒక ప్రశ్న అడిగింది. సారు తెలుగులో చెప్పేముందు ఒక్క క్షణం నిర్మలమ్మ మొహంలోకి చూశాడు.

"మరి నువ్వెందుకు నిలబడలేదు నిర్మలా? అని అడుగుతున్నది."

నిర్మలమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుంది. గ్లోరీ మాత్రం ఫోన్ దగ్గరకు ఒరిగి, "నిలబడ్తది!" అని అరిచింది.

నవంబరు ఆఖరులో సర్పంచు, వార్డు మెంబర్ల ఎలక్షన్ల నోటిఫికేషన్ వచ్చింది. వాళ్ల వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయ్యింది. పరశురాములు తన భార్యను నిలబెట్టాడు. నిర్మలమ్మ నామినేషన్ వేసిందని తెలిసి ఇంటికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"అత్తా, సొంత రక్తం మీదికి పోతవా?"

"కూసోరా, చాయ్ పెడ్తా," అంది ఆమె. పెట్టింది కూడా. అతను తాగాక అంది, "నీ మీదికి పోతలేను బిడ్డా. ఆ బెల్టుషాపు మీదికి పోతున్న. నువ్వే తీపిస్తనంటె ఇయ్యాల్నే వాపసు తీస్కుంటా." పరశురాములు గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

ఆమెకు వచ్చిన గుర్తు గౌను. ఊళ్లో మగవాళ్లు నవ్వారు. షెడ్డులో ఆడవాళ్లు మాత్రం ఎగిరి గంతేశారు. బొంతలు కుట్టగా మిగిలిన ముక్కలతో రెండు రోజుల్లో అరచేయంత గౌన్లు నూట నలభై కుట్టారు. నిర్మలమ్మ ప్రతి ఇంటికి పోయి, బొట్టు పెట్టుకునే వాళ్లకు బొట్టు పెట్టి, ఒక గౌను గుమ్మానికి కట్టి వచ్చేది. రబియా ముస్లిముల ఇళ్లకు, గ్లోరీ చర్చి వాళ్ల ఇళ్లకు వెంట నడిచారు. మందు ఒక్క చుక్క పంచలేదు. అవతలి వాళ్లు పంచింది తాగినవాళ్లు ఎటు వేశారో చెప్పలేం గానీ, వాళ్ల పెళ్లాలు ఎటు వేశారో లెక్కింపులో తేలింది. పదిహేడు ఓట్లతో నిర్మలమ్మ గెలిచింది.

అదే వారం బొంత డోరతమ్మకు చేరింది. దుకాణం కిటికీలో కట్టింది. కొనడానికి అడిగిన వాళ్లకు అమ్మనని చెప్పిందట. అలాంటివి కావాలంటే తెప్పిస్తాను, పన్ను మీరు సగం, నేను సగం అందట. పన్నెండు మంది ఒప్పుకున్నారు. మునుపటి లెక్కకు అది ఎక్కడా సరిపోదు. పత్తికి పోయిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది, ఇంకొకామె రాలేదు.

బెల్టుషాపు అంత తేలిగ్గా పోలేదు. వార్డు మెంబరు మాట ఎవరు వింటారు? నిర్మలమ్మ గ్రామసభలో తీర్మానం పెట్టించింది. నలభై మంది ఆడవాళ్లు ఆ కాగితం పట్టుకొని నకిరేకల్ పోయి ఎక్సైజు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. రెండోసారి కూర్చున్నాక షాపువాడు దాన్ని ఎత్తేశాడు. ఎత్తేసి, హైవేకు అవతలి పక్క, వేరే వార్డులో పెట్టుకున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం ఈ సంగతంతా డోరతమ్మకు చెబుతున్నారు. అవతలి పక్కకు పోయిందంటే ఓడినట్టా గెలిచినట్టా అని ఆమె అడిగింది. నిర్మలమ్మ నోరు తెరిచేలోపే, గ్లోరీ కుట్టు ఆపకుండానే అంది:

"గెలిచినట్టే అని చెప్పుండ్రి సారూ. ఇప్పుడు తాగాల్నంటె మా ఆయన కిలోమీటరు నడిచి ఫ్లైఓవర్ కింది నుంచి పోవాలె. బద్ధకం మనిషి. వారంల నాలుగు దినాలు పోతలేడు."